వెండి బూర లోపలి గీతలు

పోయినవారం ప్రవళికను మనం ల్యాబు గుమ్మంలో వదిలేసి వచ్చాం. ఆమె కింద పరిశోధన చేసే అవేజ్ ల్యాబు తాళంచెవుల గుత్తి, దానితోపాటు తన కొలతలు రాసుకున్న నల్ల అట్ట నోటుబుక్కు ఆమె చేతిలో పెట్టి, "సలాం మేడం" అని ఒక్క మాట అని మెట్లు దిగి వెళ్లిపోయాడు. అది జరిగి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. తాళంచెవులు ఆమె చేతిసంచిలోనే ఉన్నాయి. నోటుబుక్కూ అందులోనే ఉంది. ఆమె దాన్ని ఒక్కసారి కూడా తెరవలేదు.

ఎందుకు తెరవలేదని అడిగితే తీరిక చిక్కలేదంటుంది. మనం నమ్మనక్కర్లేదు. తెరిస్తే ఏం కనబడుతుందోనని భయం.

కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం సంగతి కాస్త వివరంగా చెప్పుకుందాం. ప్రవళిక కరీంనగర్ శివారులోని ఒక కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. పదకొండేళ్లుగా ఒక లేజరు వెంట పడి ఉంది. బియ్యపుగింజంత సెమీకండక్టర్ ముక్క అది. ద్రవ నత్రజనితో చల్లబరిస్తే తప్ప పనిచేయదు. పశువుల దవాఖానకు నత్రజని తెచ్చే లారీయే వారానికోసారి కాలేజీ గేటు ముందు కూడా ఆగుతుంది. ఆ ముక్కలోంచి వచ్చే కిరణం కంటికి కనబడదు. టెరాహెర్ట్జ్ కిరణం అంటారు. గుడ్డలోంచి, కాగితంలోంచి, పత్తిలోంచి దూసుకుపోతుంది, తడి తగిలితే మాత్రం అక్కడే ఆగిపోతుంది. ఆదిలాబాద్ మార్కెట్లో పత్తి బండి ముందు తేమ ఎంతని రైతూ కొనేవాడూ కొట్లాడుకోకుండా, గోనె బోరెం విప్పకుండానే లోపలి తడిని చూపించే యంత్రం చేయాలని ఆమె కోరిక.

అడ్డొచ్చిందల్లా ఒక్కటే. ఆ కిరణం తిన్నగా పోదు. అది బయటికొచ్చే సందు వెంట్రుక మందంలో ఏడోవంతు ఉంటుంది. కిరణపు అల పొడవేమో ఆ సందుకు పదింతలు. అంత ఇరుకులోంచి బయటపడగానే అల నలువైపులా చెదిరిపోతుంది, గొట్టం మూతికి వేలు అడ్డం పెడితే నీళ్లు చిమ్మినట్టు. దానికి దారి చూపించాలంటే సందు ముందు చిన్న బూర అమర్చాలి. ఒక మూతి సూదిమొన పట్టేంత, రెండో మూతి పెసరగింజంత. పెద్ద పెద్ద యంత్రాలున్నవాళ్లు ఇంత చిన్నది మావల్ల కాదన్నారు. అప్పుడు ప్రవళికకు కరీంనగర్ వెండి తీగపనివాళ్లు గుర్తొచ్చారు. బొమ్మ గీసిన కాగితం పట్టుకుని వాళ్లలో పెద్దవాడైన దశరథం దగ్గరికి పోయింది. ఆయన చేసిచ్చిన మొదటి బూరతో కిరణం తిన్నగా వెళ్లింది. కొలిచింది ఆమె శిష్యుడు అవేజ్. ఆ కొలతలు పరిశోధన పేపరుగా అచ్చయ్యాయి, కాలేజీలో లడ్డూలు పంచారు.

ఆ తర్వాతే పరువు తక్కువ మొదలైంది. కరెంటు పోయి వచ్చిన ఒక మధ్యాహ్నం ఆ లేజరు ముక్క మాడిపోయింది. ఎందుకు మాడిందో చూడమని తయారుచేసినవాళ్లకే తిప్పి పంపితే, వాళ్లు బూరను పనికిరానిదని పీకి పారేశారు. కొత్త ముక్కలకు దశరథం ఇచ్చిన మరో ఆరు బూరలు అమర్చారు. ఒక్కదానితోనూ కిరణం తిన్నగా పోలేదు. వేరే దేశపు ల్యాబువాళ్లు పేపర్లోని బొమ్మ ప్రకారం చేసి చూసి, మాకు రావడం లేదు, దయచేసి వివరించగలరు అని మర్యాదగా ఉత్తరం రాశారు. కొలిచింది అవేజ్ కదా, అంకెలు అతనే అల్లి ఉంటాడని కాలేజీలో మొదట గుసగుసగా, తర్వాత గట్టిగానే అనుకున్నారు. విచారణకు కమిటీ వేశారు. ఆ కమిటీ ఇవాళ మధ్యాహ్నం మూడింటికి కూర్చుంటుంది. అంకెలు అల్లాడని తేలితే అవేజ్ ఆరేళ్ల చదువు మట్టిలో కలుస్తుంది. ఇకముందు ఏ ల్యాబూ అతన్ని గడప తొక్కనివ్వదు.

ప్రవళిక అతన్ని అనుమానించిందా అంటే, అనుమానించింది. పైకి అనలేదు, అంతే తేడా.

ఇవాళ పొద్దున పదింటికే ఎండ మండిపోతోంది. ప్రవళిక స్కూటీ దశరథం ఇంటి ముందు ఆపి, హెల్మెట్ తీసి, కాసేపు అట్లాగే సీటు మీద కూర్చుంది. లోపలికి పోయే ఓపిక లేదు. చేతిలో ఒక టైపు చేసిన కాగితం ఉంది. శాఖాధిపతి కరుణాకర్ నిన్న సాయంత్రం ఇచ్చాడది. 'ఏడు బూరలనూ కాగితంలో గీసి ఇచ్చిన కొలతల ప్రకారమే చేశాను' అని దశరథం చెబుతున్నట్టు రెండు వాక్యాలు, కింద సంతకానికి చోటు. అది వస్తే తప్పు బూరలది కాదని తేలుతుంది. బూరలది కాకపోతే ఇంకెవరిదో చెప్పనక్కర్లేదు. ప్రవళికకు ఆ సంగతి తెలుసు. తెలిసే తెచ్చింది. ఎట్లాగో ఒకట్లా ఇది ముగిసిపోతే ఎక్కడైనా తలుపేసుకుని రెండు రోజులు పడుకోవాలని, అంతకుమించి ఆమెకు ఏ కోరికా మిగల్లేదు.

దశరథం ముందుగదిలో పీట మీద కూర్చుని ఉన్నాడు. డెబ్బై దాటిన మనిషి. కంటి ఆపరేషన్ అయి నలభై రోజులైందట, నల్లద్దాలు నిన్ననే తీసేశాడు. కొడుకు గోపాల్ ఏదో పనిమీద నిర్మల్ పోయాడు. దశరథం ప్రవళికను చూసి కూర్చోమని చెప్పి, చాలాసేపు ఆమె మొహంలోకే చూశాడు.

"ఏడాదిన్నర సంది వస్తున్నవ్ గని, నీ నెత్తి గింత తెల్లగైందని ఇయ్యాల్నే చూసిన బిడ్డా" అన్నాడు.

ప్రవళిక నవ్వి ఊరుకుంది. ఆ మాటను పట్టించుకోవలసిందే కానీ, అలసిన మనిషి ఏ మాటనీ పట్టించుకోదు. కాగితం తీసి చదివి వినిపించింది. ఆయన ఇంకోసారి చదవమన్నాడు. చదివింది.

"ఏడా?" అన్నాడు దశరథం.

"ఏడే కద కాకా. మొదటిదొకటి, తర్వాత ఆరు."

"ఆరంటే సంతకం పెడత. ఏడంటే ఎట్ల పెడత బిడ్డా?"

లోపలి గది గుమ్మంలో ఆయన భార్య రామవ్వ నీళ్ల చెంబుతో నిలబడి ఉంది. "ఇగ చెప్పు. ఇప్పటికన్న చెప్పు" అని చెంబు ప్రవళిక ముందు పెట్టి వెళ్లిపోయింది.

దశరథం ముందు ప్రవళిక మాత్రల డబ్బాలో పెట్టి తెచ్చిన పనిచేయని బూరల్లోంచి ఒకటి తీసుకుని అరచేతిలో పెట్టుకుని చూశాడు. గోపాల్ చెయ్యి మంచిదని మెచ్చుకున్నాడు. రేకును సూది లావు మీద ఎంత నున్నగా మలిచాడో చూడమన్నాడు. ఇవన్నీ కొడుకు చేసినవని, తాను పక్కన కూర్చుని కాగితంలో ఉన్నది ఉన్నట్టు చేయించానని, లోపల గోడ అద్దంలా ఉండాలని ఆమె చెప్పిన మాట తప్పలేదని అన్నాడు.

"మరి మొదటిది?" అంది ప్రవళిక.

"మొదటిది నేను చేసిన. కాగితంల ఉన్నట్టు చేయలే." ఆయన బూరను జాగ్రత్తగా డబ్బాలో పెట్టేశాడు. "రేకు కొట్టాలంటే కండ్లు కావాలె. నాకప్పుడు కండ్లల్ల పొర. నువ్వు గీసిన బొమ్మ సుత నాకు మసకమసకనే కనవడ్డది. చెప్తే ముసలోనికి కండ్లు పోయినయని ఇంకొకలను చూసుకుంటవని చెప్పలే. తీగ చుట్టుడుకు కండ్లతోని పని లేదు బిడ్డా. వేళ్లు చాలు."

మిగిలినదంతా ఆయన నెమ్మదిగా, నేలకేసి చూస్తూ చెప్పుకొచ్చాడు. అత్తరుబుడ్ల మూతులు ఆ ఇంట్లో తాతల నాటినుంచీ తీగ చుట్టే చేస్తారు. తీగ సన్నంగా సాగదీసే చిల్లుల ఉక్కుపట్టె, కమ్మచ్చు, ఆయన తాత చేయించినది ఇంకా ఉంది. దాని చిట్టచివరి చిల్లులోంచి తీసిన వెండి తీగ వెంట్రుకలో సగం లావుంటుంది. ఆ చిల్లును ఇప్పుడు ఆయన తప్ప ఎవరూ వాడరు. తీగ తెగుతూనే ఉంటుందని గోపాల్ దాని జోలికే పోడు. దశరథం ఒక దబ్బనం మొనను బొమ్మలోని వాలుకు అరగదీసి, దానికి సుద్ద పూసి, ఆ తీగను కిందినుంచి పైదాకా పక్కపక్కనే చుట్టాడు. పైన పల్చని వెండి రేకు తొడిగి, బయటినుంచి అతుకు వేసి, దబ్బనం లాగేశాడు. బయటికి చూస్తే నున్నటి రేకు. లోపల చుట్లు చుట్లు. పదిహేను రోజులు పట్టింది.

ప్రవళిక చెంబెడు నీళ్లూ తాగేసింది.

బూర లోపల మెట్లు మెట్లుగా ఉంటే ఏమవుతుందో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆకాశంలోంచి వచ్చే రేడియో అలల్ని పట్టే పెద్ద బూరల్లో అట్లాగే మెట్లు చెక్కుతారు. నున్నటి గోడైతే అల దాన్ని అంటిపెట్టుకుని పాకి, అంచు దాటగానే పక్కలకు చిమ్ముతుంది. మెట్లుంటే గోడను పట్టుకోలేక నడుమకే చేరి తిన్నగా బయటికి పోతుంది. ఏటా పిల్లలకు ఆమె చెప్పే పాఠమే ఇది. మెట్టు మెట్టుకూ మధ్య ఎడం అల పొడవులో మూడోవంతుకు మించకూడదు. వెంట్రుకలో సగం అంటే సరిగ్గా అంత. అంత చిన్న మెట్లు చెక్కే యంత్రం తనకు అందుబాటులో లేదని ఆమె ఆ ఆలోచనే పెట్టుకోలేదు. చూపు సరిగా ఆనని మనిషి వేళ్లతో చుట్టి ఇచ్చాడు.

"అప్పుడే ఎందుకు చెప్పలే కాకా?"

"చెబుదామనే అనుకున్న. కిరణం మంచిగ పోయిందని మిఠాయి డబ్బ పట్కొని వస్తివి. నా కాళ్లు మొక్కితివి. నాకు నోరు రాలే." ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "తర్వాత ఇంకా ఆరు కావాలంటివి. తప్పు చేసిన పని మళ్ల చేయొద్దని, గోపాల్‌తోని కాగితంల ఉన్నట్టే చేపిచ్చిన. తప్పు దిద్దుకున్ననే అనుకున్న బిడ్డా. ఎవలికన్న నష్టమైందా?"

అవేజ్ సంగతి చెప్పక తప్పలేదు. నాలుగు మాటల్లో చెప్పింది. గడియారాలు బాగుచేసే నజీరుద్దీన్ కొడుకని చెప్పగానే దశరథం గుర్తుపట్టాడు. నలభై ఏళ్లుగా ఒకే బజారులో పనిచేసిన మనుషులు. ఆయన పెన్ను అడిగి తీసుకుని, టైపు కాగితం మీద 'ఏడు' కొట్టేసి వంకరటింకరగా 'ఆరు' అని రాశాడు. మొదటిది కాగితం ప్రకారం కాదు, తీగ చుట్టి చేశాను అని కింద ఇంకో వరస రాసి సంతకం పెట్టాడు. ఇంకో పదిహేను రోజులు ఆగితే అలాంటిదే మళ్లీ చుట్టి ఇస్తానన్నాడు. పదిహేను రోజులు ఎక్కడివి, నాలుగున్నర గంటలున్నాయి.

బయటికొచ్చి స్కూటీ ఎక్కాక ప్రవళికకు ఒంట్లోంచి బరువేదో దిగినట్టనిపించింది. అవేజ్ అంకెలు అల్లలేదు. ఉన్నదే కొలిచాడు, కొలిచిందే రాశాడు. అనుమానించినందుకు సిగ్గుపడింది, ఆ సిగ్గులో కూడా ఎంతో కొంత సంతోషం ఉంది. తిన్నగా కాలేజీకి పోకుండా దారిలో చెరుకురసం బండి దగ్గర ఆగి, రేకు నీడలో బెంచీ మీద కూర్చుంది. చేతిసంచిలోంచి నల్ల అట్ట నోటుబుక్కు తీసింది. ఇప్పుడిక భయం లేదు కదా.

అవేజ్ లెక్కలు ఇంగ్లీషులో రాసేవాడు, అనుమానాలు తెలుగులో. చిన్నప్పటినుంచీ తండ్రి పక్కన కంటికి అద్దం పెట్టుకుని గడియారం పళ్లు చూసిన అలవాటు వల్ల ఏ వస్తువునూ పరీక్షగా చూడందే ముట్టుకునేవాడు కాదు. మొదటి బూర అమర్చిన రోజు పేజీ దొరికింది. నాలుగు వరసల అంకెల కింద, పొందికైన చేతిరాతలో ఇట్లా ఉంది: 'బూర లోపల సన్నని గీతలున్నాయి. అన్నీ సమానమైన ఎడంతో, మూతినుంచి మూతిదాకా. తీగ చుట్టినట్టుంది. బొమ్మలో ఇది లేదు. దశరథంగారిని అడిగి రానా మేడం?'

దాని మీద అడ్డంగా రెండు ఎర్ర సిరా గీతలు. పక్కన ఎర్ర సిరాతోనే, 'అనవసరం. పాలిష్ గీతలు. పేపర్లో రాయకు.' కింద పొట్టి సంతకం.

ఆ సంతకం ప్రవళికది.

ఆమె దాన్ని గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. ఏమీ గుర్తురాలేదు. ఆ రోజు ఏ పరీక్ష పేపర్లు దిద్దుతోందో, ఏ మీటింగుకు పరుగెత్తుతోందో, వరసగా పది పేజీల మీద సంతకాలు గీకుతూ ఈ పేజీ దగ్గర ఒక్క క్షణం ఆగి ఉంటుంది. అంతే. ఒక మనిషి ఆరేళ్ల కష్టాన్ని కొట్టేయడానికి ఆమెకు అంతకంటే ఎక్కువ సేపు పట్టలేదు. ఏడుపు వస్తుందనుకుంది కానీ రాలేదు. చెరుకురసం గ్లాసులో ఐసు కరిగి నీళ్లయిపోయేదాకా అట్లాగే కూర్చుంది.

పాడు ఆలోచన కూడా ఒకటి వచ్చింది, దాచడమెందుకు. దశరథం కాగితం ఒక్కటి చూపిస్తే అవేజ్ బయటపడతాడు. నోటుబుక్కు ఎవరూ అడగలేదు. ఉన్న రికార్డులన్నీ ఇచ్చేశానని కమిటీకి మొదటి రోజే ఆమె సంతకం పెట్టి ఇచ్చింది, నోటుబుక్కు సంగతి ఎత్తనే లేదు. ఇప్పుడు మాత్రం ఎందుకు ఎత్తాలి? ఈ ఆలోచన ఆమెతోపాటే స్కూటీ మీద కాలేజీ దాకా వచ్చింది.

రెండున్నరకు కరుణాకర్ గదిలో ఫ్యాను కింద కూర్చుంది. కరుణాకర్ చెడ్డవాడు కాదు. ఇంకో ఏడాదిన్నరలో రిటైరవుతాడు, గొడవంటే పడదు. ఆమె దశరథం సంగతి మొదలుపెట్టకముందే ఆయన బల్ల మీదుగా ఒక కాగితం ఇటు జరిపాడు.

"ఇగ పరేషాన్ కాకుండ్రి మేడం. అతనే రాసిచ్చిండు. నేను అడగలే, ఎవ్వలు అడగలే. పొద్దుగాల తొమ్మిదింటికి తెచ్చిచ్చిండు" అన్నాడు.

పొందికైన ఆ చేతిరాత మూడు గంటల కిందటే చూసింది. రెండే వాక్యాలు. 'కొలతలు నేను ఊహించి రాశాను. ప్రవళిక మేడంకు దీనితో ఏ సంబంధమూ లేదు.' గైడుగా తాను చూసినట్టు ఆమె కింద సంతకం పెడితే చాలని కరుణాకర్ వివరించాడు. పేపరు వెనక్కి తీసుకుంటారు, ల్యాబు ఉంటుంది, కమిటీ పావుగంటలో లేస్తుంది. ఆయన పెన్ను మూత తీసి మరీ ఇచ్చాడు. ప్రవళిక పెన్ను తీసుకోలేదు. కాగితం ఉన్నచోటే వదిలేసి బయటికొచ్చింది.

వరండా చివర బెంచీ మీద అవేజ్ కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, గడ్డం గీసుకోలేదు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. ఇరవై రెండు రోజుల్లో మనిషి సగమయ్యాడు.

"ఎందుకు రాసిచ్చినవ్ అవేజ్?"

అతను "నోటుబుక్ చూసిన్రా మేడం?" అని అడిగాడు.

"చూసిన."

"ఎప్పుడు?"

"ఇయ్యాల. మూడు గంటల కింద."

అవేజ్ ఆమె మొహంలోకి చూసి, మళ్లీ బెంచీ మీద కూర్చుండిపోయాడు. ఆమె ముందు అట్లా కూర్చోవడం ఆరేళ్లలో అదే మొదటిసారి.

"నేను ఆనాడే చూసిన్రనుకున్న మేడం" అన్నాడు చాలా మెల్లగా. "తాళంచెవులు కరుణాకర్ సార్‌కు ఇయ్యొచ్చు. నోటుబుక్ మీ చేతిల వడాలెనని మీకిచ్చిన. చూస్తరు, చూసి పిలుస్తరు అనుకున్న. వారం చూసిన, రెండు వారాలు చూసిన. ఫోన్ రాలే. చూసి సుత ఊకున్నరంటే, నేను పోవుడే మీకు మంచిదనిపిచ్చిందేమో అనుకున్న. అందుకే రాసిచ్చిన."

"నువ్వన్న ఫోన్ చేయకపోతివి."

"ఏమని చేయాలె మేడం? మీ తప్పే ఉన్నది చూడుండ్రి అని చేయాల్నా?"

అతను ఫోన్ చేయలేదు, ఆమె నోటుబుక్కు చూడలేదు. దశరథం చెప్పలేదు, ఆమె అడగలేదు. క్షమించమని అడగాలనుకుంది. అతని పక్కన బెంచీ మీద కూర్చుంది, అంతే. ఇద్దరూ ఎదురుగా ఎండలో తళతళలాడుతున్న ఖాళీ నత్రజని డబ్బాల వైపు చూస్తూ కూర్చున్నారు. మూడు కొట్టేసరికి అటెండరు వచ్చి లోపలికి రమ్మన్నాడు.

కమిటీలో ముగ్గురు. మధ్యలో కూర్చున్న పెద్దాయన బయటి ఊరినుంచి వచ్చాడు. మృదువుగా మాట్లాడే మనిషి, మాట మాత్రం చుట్టుతిరగదు. కరుణాకర్ పక్క కుర్చీలో కూర్చుని అవేజ్ కాగితాన్ని ఆయన ముందు పెట్టాడు. ప్రవళిక దశరథం కాగితాన్ని దాని పక్కన పెట్టి, తీగ చుట్ల సంగతి మొదటినుంచీ చెప్పింది. పాఠం చెప్పే అలవాటు కొద్దీ గొంతు స్థిరంగానే ఉంది. పెద్దాయన అడ్డు రాకుండా విన్నాడు. దశరథం రాసిన వరసను కళ్లద్దాలు ఎత్తి రెండుసార్లు చదివాడు.

మీరు చెప్పింది శాస్త్రానికి నిలుస్తుందని ఒప్పుకున్నాడాయన. కానీ ఆ బూర ఇప్పుడు లేదు, ఈ కాగితమేమో ఇవాళ పొద్దున పుట్టింది, తెచ్చిందేమో అవేజ్ గైడే. అవతల అవేజ్ తానే తప్పు ఒప్పుకుని రాసిచ్చాడు. మేం ఏది నమ్మాలి అని అడిగాడు. తర్వాత ఇద్దరి వైపూ చూసి, "అప్పట్లో, ఆ బూర పెట్టిన రోజుల్లో రాసుకున్నది ఏమైనా ఉందా?" అన్నాడు.

అవేజ్ నేలకేసి చూస్తున్నాడు. కరుణాకర్ గోడ గడియారం వైపు చూశాడు. లేదు అనడానికి ప్రవళికకు ఒక్క మాట చాలు. ఆ మాటతో ల్యాబు నిలబడుతుంది, పదకొండేళ్ల పని నిలబడుతుంది, ఇంటికి పోయి పడుకోవచ్చు. ఆమె చేతిసంచి జిప్పు తీసింది.

"ఉంది సార్" అని నల్ల అట్ట నోటుబుక్కు బల్ల మీద పెట్టింది. పేజీ మధ్య చెరుకురసం బండి దగ్గర తీసుకున్న కాగితం ముక్క గుర్తుగా ఉంది.

పెద్దాయన ఆ పేజీ తెరిచి చదివాడు. పక్కనున్న ఇద్దరికీ చూపించాడు.

"ఈ ఎర్ర సిరా ఎవరిదమ్మా?"

"నాది సార్."

ఆయన తల ఊపాడు. పక్కనున్న ఫైలు తెరిచి, మొదటి రోజు ప్రవళిక సంతకం పెట్టి ఇచ్చిన కాగితాన్ని వెతికి తీశాడు. దాన్ని నోటుబుక్కు పక్కన పెట్టి, రెండింటినీ సరిచేసి, అప్పుడు తలెత్తాడు.

"రికార్డులన్నీ ఇచ్చామని ఇందులో ఉంది. మరి ఈ పుస్తకం ఇన్ని రోజులూ ఎవరి దగ్గరుంది?"

ప్రవళిక నోరు తెరిచింది. ఆమె మాట బయటికి రాకముందే అవేజ్ లేచి నిలబడ్డాడు.

"నా దగ్గరనే ఉండె సార్" అన్నాడు. "నేనే దాచిన."

పెద్దాయన పెన్ను తీసి ఆ మాట రాసుకోవడం మొదలుపెట్టాడు. ప్రవళిక చెయ్యి చాచి ఆయన రాస్తున్న కాగితం మీద పెట్టింది.